మన ఒప్పందాలు గ్రీన్ లైన్ దగ్గర ఆగాలి: తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు నమస్కారాలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఉభయ సభల్లో కలిపి మీరు 60 మంది ఉన్నారు. విదేశాంగ విధానం ఢిల్లీలో ఎవరో చూసుకునే వ్యవహారమనీ, రోడ్లు, కాలువలు, రైల్వే వంతెనల కోసం తిరిగే మనకు ఇజ్రాయెల్, పాలస్తీనా తగవుతో పనేమిటనీ మీలో కొందరు అనుకోవచ్చు. పని ఉంది. అది ప్రకటనలు ఇచ్చి చేతులు దులుపుకునే పని కాదు, సభలో నోటీసు ఇచ్చి ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా జవాబు రాబట్టే పని. అందుకే ఈ లేఖ ప్రధానమంత్రికో, విదేశాంగ మంత్రికో కాకుండా మీకు రాస్తున్నాను.

ముందుగా ఒక వారాన్ని గుర్తుచేయనివ్వండి. 2025 సెప్టెంబర్ 8న న్యూఢిల్లీలో భారత్, ఇజ్రాయెల్ దేశాలు ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందం కుదుర్చుకున్నాయి. మన తరఫున ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, వారి తరఫున ఆర్థిక మంత్రి బెజలెల్ స్మోత్రిచ్ సంతకాలు చేశారు. 11న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంకులోని మాలే అదుమీమ్ అనే ఆవాసానికి (అంటే ఆక్రమిత నేల మీద ఇజ్రాయెలీల కోసం కట్టిన ఊరికి) వెళ్లి, దాన్ని విస్తరించే పత్రం మీద సంతకం చేసి, పాలస్తీనా రాజ్యం ఏర్పడే ప్రసక్తే లేదని ప్రకటించారు. ఆ మరునాడు, 12న, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రెండు దేశాల పరిష్కారాన్ని సమర్థించే న్యూయార్క్ డిక్లరేషన్‌కు 142 దేశాలు ఓటు వేయగా అందులో భారత్ ఒకటి. ఐదు రోజుల్లో మన ప్రభుత్వం ఒక చేత్తో ఒప్పందం మీద సంతకం పెట్టింది, రెండో చేత్తో పాలస్తీనాకు ఓటు వేసింది. రెండూ చేయవచ్చు, దౌత్యంలో అది తప్పేమీ కాదు. కానీ మనం పెట్టిన సంతకం, మనం వేసిన ఓటుకు అడ్డుపడకుండా చూసుకునే ఏర్పాటు ఏదైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

ఆ సంతకం చేసిన స్మోత్రిచ్ ఎవరో కూడా చెప్పాలి. ఆయన నివాసం వెస్ట్ బ్యాంకులోని కెదుమీమ్ ఆవాసంలో. ఆర్థిక శాఖతో పాటు రక్షణ శాఖలో ఆవాసాల వ్యవహారాలు చూసే అధికారం కూడా ఆయన చేతిలోనే ఉంది. 2025 జూన్‌లో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే ఆయనపై ఆంక్షలు విధించాయి. ఢిల్లీ రావడానికి దాదాపు నాలుగు వారాల ముందు, ఆగస్టు 14న, ఈ-1 అనే ప్రాంతంలో 3,400 దాకా ఇళ్లు కట్టే పథకాన్ని ప్రకటిస్తూ, పాలస్తీనా రాజ్యమనే ఆలోచనను ఇది పాతిపెడుతుందని ఆయన బాహాటంగా చెప్పారు. మనం దశాబ్దాలుగా సమర్థిస్తున్న పరిష్కారాన్ని పాతిపెడతానన్న మనిషితోనే మనం పెట్టుబడుల ఒప్పందం చేసుకున్నాం. ఎవరితో చేసుకున్నామన్నదాని కన్నా, ఆ ఒప్పందం ఏ గీత దాకా వర్తిస్తుందన్నది ముఖ్యం. ఆ గీతే గ్రీన్ లైన్, 1949 యుద్ధవిరమణ నాటి నుంచి ఇజ్రాయెల్‌కూ వెస్ట్ బ్యాంకుకూ మధ్య ఉన్న హద్దు.

ఈ-1 ఏమిటో కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ వివాదం మొత్తాన్ని ఆ 12 చదరపు కిలోమీటర్ల రాతి గుట్టల మీద నిలబడి చూడవచ్చు. తూర్పు జెరూసలేంకూ మాలే అదుమీమ్‌కూ మధ్య ఉన్న ఖాళీ అది. ఉత్తరాన రమల్లా, దక్షిణాన బెత్లెహేం. ఆ రెండు ఊళ్ల నడుమ ఉన్న జెరూసలేంలోకి అనుమతి లేని పాలస్తీనీయులు అడుగుపెట్టలేరు కాబట్టి, ఇప్పటికే వాళ్లు వాదీ అన్నార్ అనే లోయలోకి మెలికలు తిరుగుతూ దిగి, మళ్లీ ఎక్కే ఇరుకు దారిలో చుట్టూ తిరిగి వెళ్తున్నారు. లారీ ఒకటి ఆ ఎత్తు ఎక్కలేక మొరాయించిందంటే వెనుక వాహనాలన్నీ బారులు తీరాల్సిందే. ఈ-1లో ఇళ్లు లేస్తే జెరూసలేం తూర్పు అంచు నుంచి మాలే అదుమీమ్ దాకా ఎడతెగని ఆవాసాల వరుస ఏర్పడి, వెస్ట్ బ్యాంక్ నడుము దగ్గర రెండుగా విడిపోతుంది. తూర్పు జెరూసలేం రాజధానిగా ఏర్పడాల్సిన దేశానికి ఆ రాజధానికి వెళ్లే దారే ఉండదు. ఆ పక్కనే 2019 జనవరిలో తెరిచిన 4370 నంబరు రోడ్డు ఉంది. రోడ్డు ఒక్కటే, మధ్యలో ఎనిమిది మీటర్ల ఎత్తు గోడ. ఒక వైపు ఇజ్రాయెలీల వాహనాలు, మరో వైపు పాలస్తీనీయుల వాహనాలు. గోడకు ఇవతలివాళ్లకు అవతలివాళ్లు కనపడరు.

అదే ప్రాంతంలో ఖాన్ అల్-అహ్మర్ అనే బెదుయిన్ పల్లె ఉంది. 1950లలో నెగెవ్ ఎడారి నుంచి వెళ్లగొట్టబడిన జహాలిన్ తెగ వాళ్లు అక్కడ రేకుల కొట్టాల్లో, గొర్రెల మందలతో ఉంటున్నారు. భవనం కట్టడానికి అనుమతి రాదు కాబట్టి 2009లో పాత టైర్లను పేర్చి, వాటి మీద మట్టి మెత్తి పిల్లలకు బడి కట్టుకున్నారు. ఆ ఊరిని కూల్చవచ్చని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. అంతర్జాతీయ ఒత్తిడి వల్ల కూల్చివేత వాయిదాల మీద వాయిదాలు పడుతూ వస్తోంది. అనుమతి లేని కట్టడం కూల్చడం ఏ దేశంలోనైనా ఉన్నదే కదా అని అడగవచ్చు. అదే కొండల మీద అనుమతి లేకుండా వెలసిన యూదు శిబిరాలకు కరెంటు, నీళ్లు, రోడ్డు ఎలా వచ్చాయో ఇజ్రాయెల్ ప్రభుత్వమే నియమించిన న్యాయవాది తాలియా సాసోన్ 2005లో నివేదిక ఇచ్చారు. ప్రభుత్వ శాఖలే నిధులు మళ్లించి వాటిని పోషించాయని ఆమె తేల్చారు. ఒకే నేల మీద రెండు చట్టాలు నడుస్తున్నాయన్నది శత్రువులు చేసిన ఆరోపణ కాదు, వారి సొంత దస్త్రాల్లో ఉన్న విషయం.

చట్టం సంగతికి వస్తే, 1967 జూన్ యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సిరియాకు చెందిన గోలాన్, ఈజిప్టుకు చెందిన సినాయ్ ఇజ్రాయెల్ చేతికి వచ్చాక, అదే సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరాన్ తన ప్రభుత్వానికి రహస్య అభిప్రాయం ఇచ్చారు. ఆక్రమిత ప్రాంతాల్లో పౌర ఆవాసాలు కట్టడం, యుద్ధకాలంలో పౌరులకు రక్షణ కల్పించే నాలుగో జెనీవా ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అవుతుందని అందులో స్పష్టంగా రాశారు. బాల్యంలో నాజీల శ్రమ శిబిరంలో మగ్గి బయటపడిన మనిషి ఆయన. ఆ నెలలోనే వెస్ట్ బ్యాంకులో తొలి ఆవాసం క్ఫార్ ఎట్జియోన్‌లో లేచింది. 1979లో ఎలోన్ మోరే కేసులో సైనిక అవసరం పేరుతో పాలస్తీనీయుల సొంత భూమి తీసుకుని శాశ్వత ఆవాసం కట్టడం కుదరదని ఇజ్రాయెల్ హైకోర్టే చెప్పింది. దాంతో ప్రభుత్వం దారి మార్చి, 1858 నాటి ఒట్టోమన్ భూమి చట్టాన్ని బయటికి తీసింది. తరతరాలుగా జనం వాడుకుంటున్నా రికార్డుకెక్కని భూమిని, కొన్నేళ్లు దున్నలేదన్న పేరుతో ప్రభుత్వ భూమిగా ప్రకటించడం మొదలైంది. మన పల్లెల్లో తాతల నాటి సాగులో ఉండి పట్టా లేని చెలకను రాత్రికి రాత్రి పోరంబోకుగా రాసేస్తే రైతు ఎంత నిస్సహాయుడవుతాడో మీకు తెలుసు కాబట్టి, దీన్ని ఇంతకంటే వివరించను. రిజిస్ట్రేషన్ పనిని 1967 తర్వాత నిలిపివేసిందీ సైనిక ప్రభుత్వమే, కాగితం చూపించమని అడిగిందీ అదే.

1993 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య ఓస్లో శాంతి ఒప్పందం మీద కరచాలనం జరిగినప్పుడు, తూర్పు జెరూసలేంను మినహాయిస్తే, వెస్ట్ బ్యాంక్ ఆవాసాల్లో ఉన్నవారు లక్షా పదివేల దాకా. ఇప్పుడు ఐదు లక్షలు దాటారు. తూర్పు జెరూసలేంలో మరో రెండు లక్షలకు పైగా ఉన్నారు. అంటే భూమిని ఎలా పంచుకోవాలో మాట్లాడుకుంటున్న ఏళ్లలోనే ఆ భూమి మీద ఒక పక్షం జనాభా ఐదింతలకు చేరువైంది. ఇజ్రాయెల్‌లో లేబర్ పార్టీ అధికారంలో ఉన్నా, లికుడ్ పార్టీ ఉన్నా ఇది ఆగలేదు. 2003 నాటి శాంతి ప్రణాళిక ‘రోడ్ మ్యాప్’లో ఆవాసాల విస్తరణ ఆపాలన్న షరతు ఉన్నా ఆగలేదు. 2009 నవంబర్ నుంచి పది నెలల పాటు కొత్త నిర్మాణాలకు పాక్షికంగా విరామం ప్రకటించారు, అంతే. ఆవాసాల్లో కట్టిన ఇళ్లు ఆక్రమించింది వెస్ట్ బ్యాంకులో ఏ ఒకటి రెండు శాతమో కదా అని ఇజ్రాయెల్ ప్రతినిధులు వాదిస్తుంటారు. ఇళ్ల మేరకు లెక్కేస్తే అది నిజమే. కానీ ఆవాసాల స్థానిక మండళ్ల పరిధిలోకి చేర్చిన భూమి సుమారు 40 శాతం. దానికి తోడు వాటికి వెళ్లే రోడ్లు, వాటి చుట్టూ భద్రతా వలయాలు. ఓస్లో ప్రకారం పూర్తిగా ఇజ్రాయెల్ అధీనంలో ఉండే ‘సి’ ప్రాంతం వెస్ట్ బ్యాంకులో 60 శాతం. అందులో పాలస్తీనీయులకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకడం దాదాపు అసాధ్యం. ఇక ఆలివ్ కాయలు కోసే అక్టోబర్, నవంబర్ నెలలు వచ్చాయంటే, ఆవాసం పక్కన తోట ఉన్న రైతు తన చెట్ల దగ్గరికి వెళ్లడానికి సైన్యం తేదీలు ఖరారు చేయాలి. ఇచ్చిన కొద్ది రోజుల్లో కోత ముగిసినా ముగియకపోయినా తిరిగి రావాలి. దున్నకపోతే ప్రభుత్వ భూమి, దున్నడానికి వెళ్తే అనుమతి లేదు.

ఈ మధ్య కాలంలో ఇళ్ల కంటే వేగంగా భూమిని మింగుతున్నవి గొర్రెల మందలు. నలుగురైదుగురు యువకులు ఒక కొండ మీద గుడారం వేసి, మందను తోలి, మేత భూమి అంతా తమదేనంటారు. ఎదురు మాట్లాడిన పల్లెవాసుల మీద దాడులు జరుగుతాయి. 2023 మే నెలలో ఐన్ సామియా పల్లె, అక్టోబర్‌లో వాదీ అస్-సీఖ్ పల్లె ఇలాగే ఖాళీ అయ్యాయి. 2025 మేలో ఇజ్రాయెల్ మంత్రివర్గం ఒకేసారి 22 ఆవాసాలకు ఆమోదం తెలిపింది. అందులో గతంలో అక్రమంగా వెలసినవీ ఉన్నాయి. ముందు గుడారం, తర్వాత మంత్రివర్గ తీర్మానం, ఇదీ వరస.

ఇక్కడ అవతలి వాదనను దాటవేస్తే ఈ లేఖకు విలువ ఉండదు. 2023 అక్టోబర్ 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లింది. అందుకు ఏ సమర్థనా లేదు, ఆ తర్వాత గాజాలో పదుల వేల మంది చనిపోవడం ఆ నేరాన్ని చెరపదు, ఆ నేరం ఈ మరణాలను సమర్థించదు. ఆవాసాలు లేని 1967కు ముందూ యుద్ధాలు జరిగాయి. హెబ్రోన్‌లో 1929లో 67 మంది యూదులను ఊచకోత కోశారు. ఆ ఊరితో యూదులకున్న మత సంబంధం నిన్న మొన్న పుట్టినది కాదు. వెస్ట్ బ్యాంకులో పాలస్తీనీయుల స్వపరిపాలన చూసే పాలస్తీనా అథారిటీ 2006 తర్వాత పార్లమెంటు ఎన్నికలు జరపలేదు. 2008లో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మెర్ట్ ఇచ్చిన శాంతి ప్రతిపాదనపై పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్ సంతకం పెట్టలేదు. కాబట్టి ఆవాసాలే శాంతికి ఏకైక అడ్డంకి అని నేను అనను. అయితే మిగతా అడ్డంకులు నాయకులు మారితే, ఎన్నికలు జరిగితే, తరం మారితే తొలగవచ్చు. కాంక్రీటు పోసి, పాతికేళ్ల అప్పు మీద ఇల్లు కొనిపించిన తర్వాత ఆ అడ్డంకి తనంతట తాను తొలగదు.

ఆవాసాలు ఖాళీ చేస్తే ఏమవుతుందో గాజాలో చూశాం కదా అన్నది ఇజ్రాయెలీలు ఎక్కువగా చెప్పే మాట. 2005లో గాజాలోని 21 ఆవాసాలనూ ఖాళీ చేశారు, రెండేళ్లలో హమాస్ ఆ ప్రాంతాన్ని చేజిక్కించుకుంది, రాకెట్లు పడ్డాయి. ఆ భయం నిజమైనదే. కానీ అంతకు ముందు 1982 ఏప్రిల్‌లో సినాయ్‌లోని యమిత్ పట్టణాన్ని కూడా ఖాళీ చేయించారు. ఇళ్ల కప్పుల మీదికెక్కి ప్రతిఘటించిన తమ పౌరులను సైనికులే కిందికి దించారు. అప్పుడు రక్షణ మంత్రిగా ఆ పని చేయించిందీ, ప్రధానిగా గాజా ఖాళీ చేయించిందీ ఒక్కరే, ఏరియల్ షరోన్. ఈజిప్టుతో ఆ శాంతి నేటికీ నిలిచే ఉంది. ఒకటి అవతలి ప్రభుత్వంతో కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం జరిగింది, రెండోది ఎవరితోనూ మాట్లాడకుండా జరిగింది. తేడా అక్కడుంది. ఐదు లక్షల మందినీ కదిలించాల్సిన పని కూడా లేదు. వెస్ట్ బ్యాంకులో జనాభా పరంగా అతి పెద్దవైన మొదీన్ ఇల్లిట్, బెయితార్ ఇల్లిట్ ఆవాసాలు రెండూ 1949 నాటి గ్రీన్ లైన్‌కు దగ్గరగానే ఉన్నాయి. అక్కడ ఉండేవారిలో అత్యధికులు సిద్ధాంతం కోసం రాలేదు, పిల్లలు ఎక్కువున్న కుటుంబానికి చవకగా ఇల్లు దొరుకుతుందని వచ్చారు. అలాంటివాటిని ఉంచేసి బదులుగా వేరే భూమి ఇచ్చే పటాలు 2003 నాటి జెనీవా శాంతి ప్రతిపాదన నుంచీ ఉన్నాయి. ఈ-1 లాంటివి ఆ పటాన్ని చింపడానికి కడుతున్నవి, ఇళ్ల కొరత తీర్చడానికి కాదు.

ఇక మన పని. 2023 నవంబర్‌లో సర్వసభ్య సభ కమిటీలో ఆవాసాలను ఖండించే తీర్మానానికి మనం అనుకూలంగా ఓటు వేశాం. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ ఉనికి చట్టవిరుద్ధమనీ, ఆ స్థితి కొనసాగడానికి ఏ దేశమూ తోడ్పడకూడదనీ సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. దాన్ని అమలు చేయాలన్న తీర్మానం ఆ సెప్టెంబర్‌లో వస్తే 124 దేశాలు సమర్థించాయి, మనం తటస్థంగా ఉండిపోయాం. ఏడాది తిరిగేసరికి మళ్లీ అనుకూలం. న్యూయార్క్‌లో ఓటు ఎటు పడిందన్నది పత్రికల్లో ఒక రోజు వార్త, టీవీ చర్చల్లో ఒక పూట మత కలహం. ఒప్పంద పత్రంలో పడే వాక్యం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది.

ఒప్పందం గ్రీన్ లైన్ దాటి వర్తించదన్న వాక్యం పెట్టడం ఇజ్రాయెల్‌ను అవమానించడమేమీ కాదు. యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధులు గ్రీన్ లైన్ దాటి ఖర్చు కారాదన్న నిబంధనతోనే 2014లో ఇజ్రాయెల్ హొరైజన్ 2020 పథకంలో చేరింది. ఇజ్రాయెల్‌కు అన్ని విధాలా అండగా ఉండే అమెరికా సైతం ఉమ్మడి పరిశోధన ఫౌండేషన్ల ఒప్పందాల్లో ఆ నియమాన్ని 1970ల నుంచి 2020 అక్టోబర్ దాకా పాటించింది. తన నిర్మాణ కార్మికులు ఆవాసాల్లో పనిచేయకూడదని 2017లో చైనా పట్టుబట్టినట్టు వార్తలు వచ్చాయి. బిందు సేద్యంలో, రక్షణ రంగంలో ఇజ్రాయెల్ మనకు చేసిన మేలును కాదనలేం. 1990లలో కుప్పంలో వారి సేద్య పద్ధతులను ప్రయోగాత్మకంగా చూసిన రాష్ట్రం మనది. స్నేహితుడితో వ్యాపారం చేయవచ్చు, అతను పొరుగువాడి నుంచి గుంజుకున్న స్థలంలో మాత్రం పెట్టుబడి పెట్టం అని చెప్పవచ్చు.

మన కూలీల విషయం మీకు మరింత దగ్గరిది. 2023 అక్టోబర్‌కు ముందు సుమారు లక్షన్నర మంది పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లోనూ ఆవాసాల్లోనూ పనులు చేసేవారు. ఆవాసాల ఇళ్లలో చాలా భాగం వాళ్ల చేతుల మీదుగా లేచినవే, కూలీ దొరికే చోటు మరొకటి లేక. యుద్ధం మొదలవగానే వారిలో అత్యధికుల అనుమతులు నిలిపివేసి, ఆ ఖాళీలను పూరించడానికి భారత్ నుంచి మనుషులను తీసుకెళ్లారు. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులు తెలిసినవాళ్లు నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి వైపుల నుంచి వచ్చి వరుసలో నిలబడ్డారు. నెలకు లక్షా 37 వేల రూపాయలన్న ప్రకటన చూస్తే, గల్ఫ్ వెళ్లి అప్పుల పాలై వచ్చిన ఇంటిలో ఎవరు కాదంటారు? వాళ్లను నేను తప్పుపట్టను. అయితే 2025 మార్చిలో జరిగినది గమనించండి. నిర్మాణ పనికని ఇజ్రాయెల్ వెళ్లిన పది మంది భారతీయులను, పని ఇప్పిస్తామని నమ్మించి వెస్ట్ బ్యాంకులోని అల్-జాయిమ్ గ్రామానికి తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, నెలకు పైగా అక్కడే ఉంచారు. ఆ పాస్‌పోర్టులు చూపించి కొందరు పాలస్తీనీయులు చెక్‌పోస్టు దాటి ఇజ్రాయెల్‌లోకి వెళ్లబోయారు. ఇజ్రాయెల్ అధికారులే వెళ్లి మనవాళ్లను విడిపించారు. ఆ అల్-జాయిమ్ ఉన్నది సరిగ్గా ఈ-1 అంచున, నేను పైన చెప్పిన గోడ రోడ్డు పక్కన. పని పోగొట్టుకున్న పాలస్తీనీయుడు, ఆ పని కోసం వచ్చిన భారతీయుడి పాస్‌పోర్టు మీద చెక్‌పోస్టు దాటాలని చూశాడు. ఇద్దరినీ ఆ స్థితిలోకి నెట్టిన విధానంలో మన ప్రభుత్వం కూడా ఒక పక్షం.

కనుక ఆర్థిక శాఖను మీరు అడగవలసినది: సెప్టెంబర్ 8 నాటి పెట్టుబడుల ఒప్పందం వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గోలాన్‌లలోని ఆవాసాలకు వర్తిస్తుందా, వర్తించదా? వాణిజ్య శాఖను అడగవలసినది: 2025 నవంబర్‌లో విధివిధానాలు ఖరారు చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందపు చర్చల్లో, ఆవాసాల్లో తయారైన సరుకుకు సుంకం రాయితీ ఉండదన్న వాక్యం మన ముసాయిదాలో ఉందా? విదేశాంగ శాఖను అడగవలసినది: మన కార్మికులను గ్రీన్ లైన్ దాటించి పని చేయించకూడదన్న షరతు కార్మిక ఒప్పందంలో ఉందా, ఉంటే ఎవరు తనిఖీ చేస్తున్నారు, తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు ఏయే చోట్ల పనిచేస్తున్నారో రాయబార కార్యాలయం దగ్గర జాబితా ఉందా? మీ పార్టీ ఎన్డీఏలో ఉన్నా, ప్రతిపక్షంలో ఉన్నా ఈ ప్రశ్నలు అడగడానికి ఇబ్బంది ఉండకూడదు. ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో తానే చెప్పిన మాటకు కట్టుబడి ఉందో లేదో తెలుసుకోవడానికి మించి వీటిలో ఏమీ లేదు.

మంత్రి సభలో మౌఖికంగా జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేస్తే లాటరీలో రాకపోవచ్చు, వచ్చినా సభ వాయిదా పడి చర్చకు నోచుకోకపోవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నయినా చాలు, దానికి వచ్చే జవాబు లిఖితపూర్వకంగా రికార్డులో ఉంటుంది. లోక్‌సభ సభ్యులు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి, వచ్చే సమావేశాల తేదీలు వెలువడగానే ఈ ప్రశ్నలను దాఖలు చేయవలసిందిగా కోరుతున్నాను. జవాబు ఏదైనా సరే, దాన్ని తెలుగులో మీ నియోజకవర్గ ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
మీ ఓటర్లలో ఒకరు